అమ్మకు మతిమరుపు వచ్చిందనుకున్నాం, ఒంట్లో నీళ్లు తగ్గాయన్నారు: మీ ఇళ్లలో ఏ గుర్తులు కనిపించాయి?

మల్లెపందిరి | ఏప్రిల్ 21, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. వారం నుంచి ఈ విషయం మనసును తొలుస్తోంది. మా అమ్మకు 71 ఏళ్లు, నూజివీడు దగ్గర మా ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. నేను విజయవాడలో ఉంటాను. ఉగాది తరువాత నుంచి ఫోనులో గొంతు నీరసంగా వినిపిస్తుంటే అడిగాను. "వేడి చేసింది లేవే" అంది. మలబద్ధకం అంది, పెదాలు పగిలాయంది, పళ్ల సెట్టు వదులై జారుతోందంది. ఎండలకు మామూలేలే అనుకుని ఊరుకున్నాను.

పోయిన మంగళవారం పక్కింటి పిన్ని ఫోను చేసింది. అమ్మ మధ్యాహ్నం రెండు కంచాలు పెట్టిందట. ఒకటి నాన్నకు. నాన్న పోయి ఆరేళ్లయింది. పరుగున వెళ్లేసరికి మంచం మీద కూర్చుని ఉంది, నన్ను గుర్తుపట్టింది కానీ వారం పేరు చెప్పలేకపోయింది. పక్షవాతమేమో, మతిమరుపు జబ్బు మొదలైందేమో అని మేం ఏడుస్తుంటే, ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేసి ఒంట్లో నీళ్లు బాగా తగ్గిపోయాయన్నారు. సెలైన్ ఎక్కించిన మర్నాటికి "నన్నెందుకు తెచ్చారు ఇక్కడికి" అని నామీద కోప్పడింది. ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది.

ఇంటికి తెచ్చాక తెలిసింది అసలు సంగతి. మోకాళ్ల నొప్పుల వల్ల రాత్రి పెరట్లోకి వెళ్లలేక, సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు ముట్టదట. దానికి తోడు రక్తపోటుకు ఇచ్చిన మాత్రల్లో ఒకటి ఒంట్లో నీటిని బయటికి పంపేది. ఇన్ని గుర్తులు కళ్లముందే ఉన్నా నేను ఒక్కటీ పట్టుకోలేకపోయాను. మీ ఇళ్లలో ఎవరికైనా ఇలా జరిగిందా? ముందుగా ఏం గమనించారు?

వార్డు నర్సు | ఏప్రిల్ 21, ఉదయం 8:15

మల్లెపందిరి గారూ, మీరు మిమ్మల్ని నిందించుకోకండి. నేను కర్నూలులో ఇరవై రెండేళ్లుగా వార్డులో పనిచేస్తున్నాను. ప్రతి వేసవిలోనూ మీ అమ్మగారి లాంటివారు వస్తారు, ప్రతి ఇంట్లోవాళ్లూ "మతి చలించింది" అనే అంటారు. వయసు పైబడ్డాక దాహం సరిగ్గా వేయదు. ఒంట్లో నీళ్లు తగ్గాయని మెదడు పసిగట్టడం మందగిస్తుంది, మూత్రపిండాలకు నీటిని దాచుకునే శక్తీ తగ్గుతుంది. అందుకే "దాహం వేస్తే తాగుతుందిలే" అనే మాట పెద్దవాళ్ల విషయంలో పనికిరాదు.

మీ అమ్మగారు వాడిన మాట చూడండి: "వేడి చేసింది". మన ఇళ్లలో ఈ మాట కింద ఎన్ని దాక్కున్నాయో! మూత్రంలో మంట, నోరు ఎండడం, మలబద్ధకం, తలనొప్పి, కళ్లు మండడం, అన్నీ "వేడి"లోనే వేసేస్తాం. ఎవరైనా వేడి చేసిందంటే నేను వెంటనే రెండు ప్రశ్నలు అడుగుతాను. చివరిసారి మూత్రానికి ఎప్పుడు వెళ్లారు? ఏ రంగులో వచ్చింది? ఎండుగడ్డి రంగులో, పలుచగా ఉంటే పరవాలేదు. ఆవనూనె రంగుకు తిరిగి వాసన గాఢంగా ఉంటే నీళ్లు చాలలేదు. బి కాంప్లెక్సు మాత్రలు వేసుకుంటే మాత్రం ఎన్ని నీళ్లు తాగినా పసుపు ముద్ద రంగులో వస్తుంది, దాన్ని చూసి భయపడకూడదు.

చేతి మీద చర్మం గిల్లి చూడమని అందరూ చెబుతారు. పెద్దవాళ్లలో దాన్ని నమ్మకండి. వయసుకే చర్మం సాగి ఉంటుంది, నీళ్లు తాగినవాళ్లకూ మెల్లగానే వెనక్కి వెళుతుంది. నేను నాలుక చూస్తాను. పొడిగా ఉండి మధ్యలో నిలువు గీతలు పడితే అనుమానించాలి. చంకలో తడి ఉందో లేదో చూస్తాను. పడుకున్నవాళ్లను మెల్లగా లేపి నిలబెడితే కళ్లు తిరుగుతున్నాయా అని అడుగుతాను. పళ్ల సెట్టు జారడం చాలామంది పట్టించుకోరు. దాన్ని చిగుళ్లకు పట్టి ఉంచేది లాలాజలమే. అది ఎండిపోతే సెట్టు నిలవదు.

రాతిగుండె కాదు రాతి కిడ్నీ | ఏప్రిల్ 21, ఉదయం 9:02

అందరూ రోజుకు నాలుగైదు లీటర్లు తాగితే ఈ బాధలేవీ ఉండవు. నాది అనంతపురం. రెండుసార్లు రాళ్లు పడ్డాయి, ఆ నొప్పి పగవాడికి కూడా వద్దు. అప్పటి నుంచి లెక్కపెట్టి ఐదు లీటర్లు తాగుతున్నాను.

నాన్న మందుల పెట్టె | ఏప్రిల్ 21, ఉదయం 9:40

దయచేసి "అందరూ" అనకండి. మా నాన్నకు గుండె బలహీనపడింది. రోజుకు లీటరున్నర దాటకూడదని వైద్యులు గీత గీశారు. మజ్జిగ, పులుసు, కాఫీ అన్నీ అందులోనే. రోజూ పొద్దున్నే మూత్రానికి వెళ్లి వచ్చాక తూకం చూస్తాం. రెండు మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే అది కొవ్వు కాదు, నీరు. పోయిన ఏడాది ఒక బంధువు వచ్చి "ఎండలు కదా మామయ్యా, బాగా తాగాలి" అంటూ ప్రేమగా సీసాలు సీసాలు తాగించాడు. మూడోరోజు కాళ్లు ఉబ్బి, పడుకుంటే ఊపిరాడక ఆసుపత్రికి పరుగెత్తాం. గుండె, మూత్రపిండాలు, కాలేయం జబ్బులున్నవాళ్లకు ఎన్ని నీళ్లో చెప్పాల్సింది వాళ్ల వైద్యుడే. నాన్నకు నోరెండితే నీళ్లు పుక్కిలించి ఉమ్మేస్తారు, లేదా చిన్న మంచుముక్క చప్పరిస్తారు.

వార్డు నర్సు | ఏప్రిల్ 21, ఉదయం 10:30

ఇదే చెప్పాలనుకుంటున్నాను, మీరే చెప్పారు. అనంతపురం సోదరుడి విషయం వేరు. రాళ్లు పడినవారికి వైద్యులు చెప్పే లక్ష్యం తాగే నీళ్ల లెక్క కాదు, వచ్చే మూత్రం లెక్క. రోజుకు కనీసం రెండు, రెండున్నర లీటర్ల మూత్రం రావాలి. చెమట పట్టని జనవరిలో మూడు లీటర్లతో అది వచ్చేస్తుంది. మేలో పొలంలో ఉంటే ఐదు తాగినా రాకపోవచ్చు. ఒక్క సెలవురోజు కొలగిన్నె పెట్టి చూసుకోండి, మీ ఒంటి లెక్క మీకే తెలుస్తుంది.

ఆరోగ్యంగా ఉన్నవారికి తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వారి ఆహార సూచనల్లో చెప్పేది రోజుకు సుమారు 8 గ్లాసులు, అంటే రెండు లీటర్లు. ఎండ, పని, చూలింత, బాలింత, జ్వరం, విరేచనాలు ఉంటే అది పెరుగుతుంది. ఆ 8ని శిలాశాసనంలా పట్టుకోవద్దు, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడానికి మాత్రమే.

దోహా నుంచి | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 12:20

మాది జగిత్యాల దగ్గర పల్లె. పదకొండేళ్లుగా ఖతర్‌లో నిర్మాణ పనుల దగ్గర ఉన్నాను. ఇప్పుడు కూలీల భద్రత చూసే పని. ఇక్కడ జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 వరకు పగలు 10 నుంచి మూడున్నర దాకా ఆరుబయట పని నిషేధం. ఆ వేళలు దాటినా, ఎండ, ఉక్క, గాలి మూడూ కలిపి కొలిచే సూచిక 32.1 డిగ్రీలు దాటితే పని ఆపేయాలి. మామూలు ఉష్ణోగ్రత కాదది. ఉక్కపోతలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, నీళ్లు మాత్రం కారిపోతూనే ఉంటాయి.

మా సైటు మరుగుదొడ్ల గోడల మీద మూత్రం రంగుల పట్టిక అంటించి ఉంటుంది. లేత నుంచి ముదురు దాకా గడులు. కొత్తగా వచ్చిన మన కుర్రవాళ్లు మొదటిరోజు సిగ్గుపడతారు. నెల తిరిగేసరికి "అన్నా, ఇవాళ ఐదో రంగు" అని వాళ్లే చెబుతారు. ముదురు రంగు చెప్పినవాణ్ని నీడలో కూర్చోబెట్టి నీళ్లిచ్చి, తరువాతే పనికి పంపుతాం.

నేను చూసిన మొదటి గుర్తు దాహం కాదు, చిరాకు. పొద్దుటి నుంచి నవ్వుతూ ఉన్నవాడు పదిన్నరకు చిన్నమాటకే గొడవ పెట్టుకుంటాడు. చేతిలోంచి పనిముట్టు జారుతుంది. కొలత రెండుసార్లు తప్పు చెబుతాడు. ఆ తరువాత తలనొప్పి, పిక్కలు పట్టేయడం. పైన పరంజా మీద ఉన్నవాడికి ఇది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అందుకే నీళ్లు అడిగేదాకా ఆగం. పావుగంటకో ఇరవై నిమిషాలకో ఒక గ్లాసు. దాహం వేసేదాకా ఆగి ఒక్కసారిగా లీటరు గటగటా తాగితే కడుపులో తిప్పుతుంది.

ఒక విషయం మనసులో పెట్టుకోండి తమ్ముళ్లూ. రాత్రంతా ఏసీ గదిలో పడుకుని, పొద్దున నాలుగింటికి ఒట్టి టీ తాగి బస్సెక్కితే, పని మొదలయ్యే ముందే ఒంట్లో నీళ్లు తక్కువగా ఉంటాయి. బస్సెక్కే ముందు రెండు గ్లాసులు తాగండి.

పరుగు నేస్తం | ఏప్రిల్ 21, మధ్యాహ్నం 1:05

విశాఖ నుంచి. మా సముద్రతీరంలోనూ అదే ఉక్క. మేం ఆదివారం దూరపు పరుగుకు ముందు, తరువాత తూకం చూసుకుంటాం. కిలో తగ్గితే సుమారు లీటరు నీళ్లు పోయినట్టు. ఒంటి బరువులో రెండు శాతం తగ్గేసరికి కాళ్లు ఈడ్చుకుపోతాయి. పెరిగితే మాత్రం ఎక్కువ తాగేశామని అర్థం, అది ఇంకా ప్రమాదం. 2002 బోస్టన్ మారథాన్ పరుగువీరుల రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో రక్తంలోని ఉప్పు, అంటే సోడియం తగ్గిపోయి ఉందని తేలింది. అలా తగ్గినవారిలో పరుగు తరువాత బరువు పెరిగినవారే ఎక్కువ. సోడియం పడిపోతే తలనొప్పి, వాంతి, తికమక. చూడటానికి నీళ్లు తక్కువైనట్టే ఉంటుంది. అప్పుడు ఇంకో లీటరు తాగిస్తే మనిషి ఫిట్సులోకి వెళ్లవచ్చు.

బడిగంట | ఏప్రిల్ 21, రాత్రి 8:45

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో సైన్సు చెబుతాను. మల్లెపందిరి గారు రాసిన "సాయంత్రం నాలుగు దాటితే నీళ్లు ముట్టదు" అన్న వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఎందుకంటే అదే వాక్యం నేను తొమ్మిదో తరగతి ఆడపిల్లల నోట విన్నాను. "బడిలో నీళ్లు తాగం టీచర్." ఎందుకమ్మా అంటే తల వంచుకుంటారు. మరుగుదొడ్డి తలుపుకు గడియ లేదు. నీళ్లు రావు. పొద్దున ఏడున్నరకు ఇంట్లో తాగినవాళ్లు మళ్లీ సాయంత్రం ఐదింటికే తాగుతారు. మూడో పీరియడుకు తలనొప్పి, మధ్యాహ్నం వరుసలో కళ్లు తిరిగి పడిపోవడం. మేమేమో "టిఫిన్ తినలేదా" అని మందలిస్తాం.

పిల్లలకు నీళ్లు తాగమని గుర్తుచేసే నీళ్ల గంటను కేరళలో 2019లో మొదలుపెట్టారు, మన రాష్ట్రాల బడుల్లోకీ వచ్చింది. మంచిదే. గంట కొట్టగానే మగపిల్లలు సీసాలు ఎత్తారు, ఆడపిల్లలు మూత తీసి పెదాలు తడుపుకుని పెట్టేశారు. అప్పుడర్థమైంది. మేం నలుగురు ఉపాధ్యాయులం చందా వేసుకుని గడియ పెట్టించి, నీళ్ల తొట్టి కట్టించాం. గడియ పెట్టిన వారానికే సీసాలు ఖాళీ అవడం మొదలైంది. నీళ్లు తాగమని చెప్పేముందు, తాగితే ఎక్కడికి వెళ్లాలో చూపించాలి.

బట్టల కొట్టు | ఏప్రిల్ 21, రాత్రి 10:10

టీచర్ గారూ, మీరు రాసింది చదివి కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను బట్టల దుకాణంలో పదిగంటలు నిలబడే పని చేస్తాను. ఆడవాళ్లం పన్నెండు మందిమి, మాకు మరుగుదొడ్డి లేదు. పక్క భవనంలోకి వెళ్లాలంటే అనుమతి అడగాలి. అరసీసా నీళ్లు రోజంతా. ఏడాదిలో మూడుసార్లు మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చాయి. మా అత్తయ్య కూడా "వేడి" అనే సబ్జా గింజలు నానబెట్టి ఇచ్చేది. అది ఇన్‌ఫెక్షన్ అని మూడోసారికి గానీ తెలియలేదు.

వార్డు నర్సు | ఏప్రిల్ 21, రాత్రి 10:40

చెల్లీ, మంటతోపాటు చలిజ్వరమో నడుం పక్కన నొప్పో వస్తే సబ్జాతో ఆగకు, ఆ రోజే వైద్యుడికి చూపించుకో. మీ పన్నెండు మందీ కలిసి యజమానిని అడగండి. ఒక్కరే అడిగితే తప్పించుకుంటారు.

ఇద్దరు పిల్లల తల్లి | ఏప్రిల్ 22, ఉదయం 7:30

పిల్లల సంగతి నేను చెబుతాను. మా చిన్నవాడికి ఏడాదిన్నరప్పుడు విరేచనాలు పట్టుకున్నాయి. మందుల దుకాణంలో ఓఆర్‌ఎస్ అడిగితే పళ్లరసంలా ఉన్న డబ్బా ఇచ్చారు, పైన పెద్ద అక్షరాలతో ఓఆర్‌ఎస్ అనే ఉంది. రెండు డబ్బాలు తాగించాను. విరేచనాలు ఇంకా ఎక్కువయ్యాయి. అందులో చక్కెర విపరీతం. పేగులోకి చేరిన ఆ చక్కెర ఒంట్లోని నీటినే లోపలికి లాగుతుందని తరువాత పిల్లల వైద్యుడు చెప్పారు. అలాంటి పానీయాల మీద హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ, సరైన సూత్రం పాటించని పానీయాల మీద ఆ పేరు వాడకూడదని ఆదేశించింది. ఆ వార్త చదివిన రోజు నేను ఆమెకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడు 1.5, సిట్రేటు 2.9 గ్రాములు. పొట్లం మీద ఈ అంకెలు చూసి కొనండి. లీటరు పొట్లాన్ని ఒక గ్లాసులో కలిపేవాళ్లున్నారు, అది పిల్లలకు విషంతో సమానం. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. పొట్లం దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు. చెంచాలు తలకొట్టి కొలవాలి, గుట్టగా పోయకూడదు. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, చెంచాతో మెల్లగా మళ్లీ మొదలుపెట్టాలి.

గుర్తులు: ఏడుస్తుంటే కన్నీరు రాదు. ఆరు గంటలైనా లంగోటీ తడవదు. కళ్లు లోతుకు పోతాయి, పసిబిడ్డకు మాడు గుంటపడుతుంది. అల్లరి చేసేవాడు మెత్తబడి భుజం మీద వాలిపోతే ఇంట్లో ఉండకండి.

పాత పుస్తకాల అర | ఏప్రిల్ 22, ఉదయం 9:15

ఓఆర్‌ఎస్ మాట వచ్చింది కనుక ఒక్క మాట. 1971లో బంగ్లాదేశ్ యుద్ధ సమయంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా విజృంభించింది. సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహలనబిస్ అనే వైద్యుడు ఉప్పు, గ్లూకోజు, వంటసోడా కలిపిన నీటిని పీపాల్లో పెట్టి, రోగుల బంధువుల చేతనే తాగించారు. 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. నాకు ఎప్పుడూ ఆశ్చర్యం కలిగించేది చివరి భాగం: ఆ మందు ఇచ్చింది తల్లులు, అన్నలు, పక్కమంచం వాళ్లు. ఆయన 2022లో కన్నుమూశాక 2023లో పద్మవిభూషణ్ ప్రకటించారు.

ఉద్దానం కొబ్బరి | ఏప్రిల్ 22, మధ్యాహ్నం 2:00

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని సోంపేట. మా వైపు ఇంటికొకరు మూత్రపిండాల జబ్బుతో ఉన్నారు. కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. ఎండలో గంటలకొద్దీ పని, నీళ్లు చాలకపోవడం కూడా ఒక కారణం కావచ్చని పరిశోధకులు అనుమానిస్తున్నారు. జీడితోటల్లో, కొబ్బరితోటల్లో కూలికి వెళ్లేవాళ్లు పొద్దున ఒక సీసా పట్టుకెళతారు, పది గంటలకే అది అయిపోతుంది. నొప్పులకు మాత్ర వేసుకుని మళ్లీ పనికి దిగుతారు. ఒంట్లో నీళ్లు తక్కువగా ఉన్నప్పుడు ఆ నొప్పి మాత్రలు మూత్రపిండాలను ఇంకా దెబ్బతీస్తాయి. దయచేసి ఈ అలవాటు మానండి. జబ్బు ఇప్పటికే ఉన్నవాళ్లు కొబ్బరినీళ్లు కూడా అడగకుండా తాగవద్దు, వాటిలో పొటాషియం ఎక్కువ. కొబ్బరిచెట్ల కింద పుట్టి పెరిగిన మా నాన్నకు ఆ బొండాం వద్దని చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

రాతిగుండె కాదు రాతి కిడ్నీ | ఏప్రిల్ 22, సాయంత్రం 5:30

నిన్న నేను రాసింది తొందరపాటు. నాన్న మందుల పెట్టె గారూ, క్షమించండి. ఇవాళ కొలిచాను, ఐదు లీటర్లు తాగితే మూడు లీటర్ల పైన వచ్చింది. కొంచెం తగ్గిస్తాను. ఒక సందేహం. అంబలి, మజ్జిగ, టీ నీళ్ల లెక్కలోకి వస్తాయా?

వార్డు నర్సు | ఏప్రిల్ 22, రాత్రి 7:10

వస్తాయి. మనకందే నీటిలో సుమారు ఐదో వంతు తిండి నుంచే వస్తుంది. చద్దన్నంలో తరవాణి, జొన్న అంబలి, గంజి, పలుచటి మజ్జిగలో చిటికెడు ఉప్పు, ఇవన్నీ ఎండలో పనిచేసేవాళ్లకు ఒట్టి నీళ్లకన్నా మేలు, చెమటలో పోయిన ఉప్పును తిరిగి ఇస్తాయి. అయితే రాళ్లు ఉన్నాయి కనుక మీరు ఉప్పు తక్కువే వేసుకోండి. అలవాటైన రెండు మూడు కప్పుల టీ కూడా లెక్కే. పానకంలో బెల్లం ఎక్కువ కనుక చక్కెర జబ్బువాళ్లకు వద్దు. కల్లు, సారా మాత్రం ఉన్న నీటినీ బయటికి తోస్తాయి.

ఇంకొకటి. ఎంత తాగినా దాహం తీరక, మాటిమాటికీ మూత్రం వస్తుంటే రంగు లేతగా ఉందని సంతోషించకండి. రక్తంలో చక్కెర చూపించుకోండి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడితే, చెమట పడుతున్నా సరే వడదెబ్బే అనుకుని 108కి ఫోను చేయండి. నీడకు చేర్చి, ఒంటిమీద నీళ్లు పోస్తూ విసరండి. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

మల్లెపందిరి | ఏప్రిల్ 26, ఉదయం 6:30

నాలుగు రోజులుగా అమ్మ దగ్గరే ఉన్నాను. మీరు రాసినవన్నీ ఆమెకు చదివి వినిపించాను. బడిగంట గారి గడియ కథ దగ్గర అమ్మ నన్ను ఆపింది. "నీళ్లు తాగడం ఎవరికి తెలియదే? లేవడం కదా కష్టం" అంది.

వైద్యుణ్ని అడిగితే, నీరు లాగే మాత్రను సాయంత్రం నుంచి పొద్దుటికి మార్చారు. చిన్న కూజా ఒకటి కొన్నాను, సరిగ్గా లీటరున్నర పడుతుంది. పొద్దున నింపి మంచం పక్కనే పెడతాం, సాయంత్రం ఏడింటికి ఖాళీ కావాలి. మిగిలింది మజ్జిగ, చారు చూసుకుంటాయి. మంచం పక్కకు మరుగుకుర్చీ తెస్తానంటే అమ్మకు మనసు ఒప్పలేదు. అందుకని పెరటిదారిలో లైటు పెట్టించి, గోడ పొడవునా పట్టుకోవడానికి ఇనుప కమ్మీ వేయించాను. ఒక్కరోజు పని.

వార్డు నర్సు | ఏప్రిల్ 26, ఉదయం 7:05

చాలా సంతోషం అమ్మా. రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు?

మల్లెపందిరి | ఏప్రిల్ 26, ఉదయం 7:20

ఒక్కసారి. నిన్న రాత్రి నన్ను లేపకుండానే వెళ్లి వచ్చింది. పొద్దున లేచి చూస్తే లైటు ఇంకా వెలుగుతోంది, పళ్ల సెట్టు పెట్టుకుని పక్కింటి పిన్నితో గట్టిగా మాట్లాడుతోంది.